పాత హత్య కేసులకు చేతులెత్తి తీర్పు చెప్పే మిత్రులకు బహిరంగ లేఖ

చెన్నైలో నెలకోసారి ఆదివారం పూట కూడి పాత హత్య కేసుల సాక్ష్యాలను చర్చించే తెలుగు మిత్రులకు, ఆ చర్చలు వినడానికి వచ్చే పెద్దలకు,

నమస్కారం.

నేను హైకోర్టు వకీళ్ల దగ్గర గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ సభలకు మొదటి నుంచీ వస్తున్నాను. సినిమా కబుర్లు, రాజకీయాలు తప్ప మరో మాట వినపడని రోజుల్లో సాక్ష్యాల గురించి మాట్లాడుకోవడానికి ఇంతమంది కూడడం మంచిదే. పొగడ్త ఇంతటితో ఆపి సంగతికి వస్తాను.

ఇందులోని విషయాలను ముందు నిర్వాహకులకు విడిగా రాశాను. జవాబు రాలేదు. సభలో లేచి అడిగితే "పెద్దాయనా, చివర్లో మీకు సమయం ఇస్తాం" అన్నారు. చివర్లో చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టారు, టీ ఇచ్చారు, హాలు తాళం వేశారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మీరు వరుసగా చర్చకు పెట్టినది 1944 నాటి లక్ష్మీకాంతన్ హత్య కేసు. ఆ సభలకు రానివారి కోసం కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. సి.ఎన్. లక్ష్మీకాంతన్ మద్రాసులో సినిమావాళ్ల రహస్యాల మీద పత్రిక నడిపినవాడు. అంతకుముందు ఫోర్జరీ కేసులో జైలుకు వెళ్లి వచ్చినవాడు. యుద్ధకాలంలో పత్రికకు లైసెన్సు ఉండాలి. సినిమా ప్రముఖులు గవర్నరుకు మొరపెట్టుకోగా ఆయన మొదటి పత్రిక లైసెన్సు పోయింది. తర్వాత మరో పత్రిక చేతిలోకి తీసుకుని అదే పని కొనసాగించాడు. 1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో వెళుతుండగా కత్తిపోట్లకు గురయ్యాడు. స్పృహలోనే ఉన్నాడు, మాట్లాడాడు, పోలీసులకు ఫిర్యాదు కూడా ఇచ్చాడు. మరునాడు జనరల్ ఆసుపత్రిలో చనిపోయాడు.

డిసెంబరులో అరెస్టులు జరిగాయి. తమిళ సినిమా గాయక నటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు సినిమా దర్శకుడు శ్రీరాములు నాయుడు ముద్దాయిల్లో ఉన్నారంటే ఊరు ఎంత అదిరిపోయిందో ఊహించుకోవచ్చు. విచారణ మద్రాసు హైకోర్టులో జూరీతో, అంటే నిర్ణయం చెప్పడానికి ప్రమాణం చేసి కూర్చున్న సామాన్య పౌరులతో, జరిగింది. తొమ్మిది మంది జూరీలో ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. 1945 మేలో భాగవతార్‌కు, కృష్ణన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. నాయుడు నిర్దోషిగా బయటికి వచ్చాడు. మిగతా ఇద్దరి అప్పీలును హైకోర్టు కొట్టేసింది. వాళ్లు అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లారు. అప్పీలును మళ్లీ వినమని కేసు మద్రాసుకు తిరిగొచ్చింది. జస్టిస్ హాపెల్, జస్టిస్ షహాబుద్దీన్ విన్నారు. ముద్దాయిల తరఫున వి.ఎల్. ఎతిరాజ్ వాదించారు. 1947 ఏప్రిల్‌లో ఇద్దరూ నిర్దోషులని తేలి విడుదలయ్యారు. అప్పటికి రెండేళ్లకు పైగా జైల్లో గడిపారు.

మీ సభల్లో 1945 తీర్పు గురించి గంటల తరబడి మాట్లాడారు. 1947 తీర్పు వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేశారు: "ఎతిరాజ్ గారి తెలివితో బయటపడ్డారు." అంతే. ఆ ఒక్క వాక్యం మీదే నా మొదటి అభ్యంతరం. ఇద్దరు న్యాయమూర్తులు కూర్చుని సాక్ష్యం తూచి ఇచ్చిన తీర్పును వకీలు గారడీగా మార్చేశారు. భాగవతార్ 1959లో, కృష్ణన్ 1957లో పోయారు. సమాధానం చెప్పడానికి వాళ్లు లేరు. ఉన్న రోజుల్లో చెప్పవలసిన సమాధానం కోర్టులోనే చెప్పి గెలిచారు.

ఇక మీ సాక్ష్య చర్చ. లక్ష్మీకాంతన్ ఇచ్చిన ఫిర్యాదును మరణ వాంగ్మూలంగా తీసుకోవచ్చా అన్నదాని మీద ఒక పూట పూర్తిగా వాదించుకున్నారు. "తాను చనిపోతానని ఆ మనిషికి తెలియదు, కాబట్టి అది మరణ వాంగ్మూలం కాదు" అని ఒకరు గట్టిగా చెప్పారు, చాలామంది తలలూపారు. అది ఇంగ్లండు న్యాయం. మన సాక్ష్య చట్టం 1872లోనే ఆ షరతును తీసేసింది. 32వ సెక్షను మొదటి క్లాజు ప్రకారం చెప్పిన మనిషికి చావు దగ్గరపడిందని తెలిసినా తెలియకపోయినా ఒకటే. మాట తన మరణానికి కారణం గురించి, లేదా ఆ మరణానికి దారితీసిన పరిస్థితుల గురించి అయితే చాలు. ఇప్పుడు అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ సూత్రం అలాగే ఉంది.

ఈ సూత్రాన్ని ప్రపంచానికి చాటిన కేసు మన తెలుగువాళ్లదే. తెలుగు సభలో ఆ పేరే వినపడకపోవడం నాకు నచ్చలేదు. పాకాల నారాయణస్వామి కేసు. పిఠాపురం దివాను దగ్గర ప్యూనుగా పనిచేసిన నూకరాజు, బరంపురంలో తనకు రావలసిన బాకీ తెచ్చుకోవడానికి 1937 మార్చిలో బయలుదేరాడు. రెండు రోజులకు పూరీ స్టేషనులో మూడో తరగతి పెట్టెలో ఒక ఇనప ట్రంకు దొరికింది. అందులో ఆయన శవం ముక్కలుగా ఉంది. బయలుదేరేముందు ఆయన భార్యతో ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరు రమ్మని రాశారో చెప్పాడు. అప్పటికి ఆయన ఒంటి మీద గాయం లేదు, చావు భయం లేదు. అయినా ఆ మాటలు సాక్ష్యంగా చెల్లుతాయని 1939లో ప్రీవీ కౌన్సిల్ తరఫున లార్డ్ ఆట్కిన్ తీర్పు రాశాడు. పిఠాపురం ఇల్లాలు చెప్పిన నాలుగు మాటలు లండన్‌లో నిలబడ్డాయి. ఈ దేశంలో లా చదివే ప్రతి విద్యార్థీ నేటికీ ఆ కేసు చదువుతాడు. (1952లో మద్రాసులో ఆళవందార్ హత్య జరిగి, మొండెం ట్రంకులో పెట్టి రైలెక్కిస్తే మానామదురైలో బయటపడింది. అది పూరీ ట్రంకును చూసి నేర్చుకున్నదేనని మీలో ఒకరు తేల్చేశారు. రెండు కేసుల్లోనూ ట్రంకు ఉందన్నది తప్ప దానికి ఇంకే ఆధారమూ చూపలేదు. ఆ రోజుల్లో దూరప్రయాణం చేసే ప్రతి కుటుంబం చేతిలోనూ ట్రంకుపెట్టె ఉండేది.)

అంటే లక్ష్మీకాంతన్ మాట చెల్లుతుందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ మాటలో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు, పొడిచినవాళ్ల నుంచి పొడిపించారన్నవాళ్ల దాకా గొలుసు దేనితో కలిపారు అన్నది ప్రశ్న. ఆ గొలుసులో ముఖ్యమైన కొలికి అప్రూవర్. నేరంలో తానూ ఉన్నానని ఒప్పుకుని, క్షమాపణ పొంది, తోటివాళ్ల మీద సాక్ష్యం చెప్పేవాణ్ణి అప్రూవర్ అంటారు. అతని మాట మీదే శిక్ష వేయడం చట్టవిరుద్ధం కాదని పాత చట్టం 133వ సెక్షను. ముఖ్యాంశాల్లో వేరే సాక్ష్యం బలపరిస్తే తప్ప అలాంటివాడు నమ్మదగినవాడు కాడని కోర్టు భావించవచ్చని 114వ సెక్షనులో ఒక ఉదాహరణ. ఈ రెంటినీ కలిపి జూరీకి ఎలా వివరించాలి, ఏది బలపరిచే సాక్ష్యం కింద లెక్క, ఏది కాదు అన్న దాని చుట్టూనే భాగవతార్ కేసు తిరిగింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం 138వ సెక్షనులో బలపరిచే సాక్ష్యం ఉన్న అప్రూవర్ మాట అనే రాసింది. ఎనభై ఏళ్ల కింద మద్రాసులో వకీళ్లు కొట్లాడుకున్న విషయం ఇవాళ చట్టం మాటల్లోకి ఎక్కింది. చర్చించాలంటే దీన్ని చర్చించండి. ఒక ఆదివారం కాదు, ఏడాది పొడవునా సరిపోతుంది. దీన్ని వదిలేసి ఏ నటికీ ఏ నటుడికీ ఏముందట అన్న దగ్గర మీరు సగం పూట గడిపారు. "నాయుడు మనవాడు, అందుకే తప్పించుకున్నాడు" అని ఒకరు, "మనవాడు గనకే ఇరికించారు" అని ఇంకొకరు. ఆయన పేరు చివరి అక్షరాలు చూసి రెండు పక్షాలూ సాక్ష్యం తయారు చేసుకున్నాయి.

ఇక్కడ ఒక కఠినమైన మాట అనక తప్పదు. చచ్చిపోయిన లక్ష్మీకాంతన్ ఏ పని చేసి బతికాడో మీరు సరిగ్గా అదే పని చేస్తున్నారు. ఫలానావాళ్ల ఇంట్లో ఇలా జరిగిందట అని రాసి అమ్ముకున్నాడాయన. మీరు అమ్ముకోవడం లేదు, చప్పట్లతో సరిపెట్టుకుంటున్నారు. అట్లని ఆయన చావు తగిన శాస్తి అన్నట్టు మీ సభలో నవ్వులు రావడం కూడా నేను ఒప్పుకోను. ఎంత నీచంగా రాసినవాడైనా వీధిలో కత్తిపోట్లతో చావకూడదు. ఆయన బాధితుడు. ఆ మాట మీ చర్చల్లో ఒక్కసారీ వినపడలేదు.

ఇప్పుడు ఈ లేఖకు అసలు కారణం చెబుతాను. వేపేరికి దగ్గరలో ఒక తెలుగు కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దాయన పోయి చాలాకాలమైంది. ఆయన పేరు, ఆ కేసు కాగితాల్లో కనిపించే ఒక పేరు ఒకటే. ఆ పోలిక పట్టుకుని మీలో ఒక సభ్యుడు ఆ ఇంటి ఫొటో తెర మీద వేసి, "ఈ ఇంటివాళ్లకు నిజం తెలుసు" అన్నారు. ఫొటోలో వరండాలో కూర్చున్న ముసలావిడ కూడా పడింది. ఇంటి నంబరు ఆనాటి కాగితంలో ఉన్నదేనని చూపించారు. చెన్నైలో ఇల్లు వెతుక్కున్న ఎవరికైనా ఇక్కడే అనుమానం రావాలి. ఈ ఊళ్లో ప్రతి గేటు మీదా పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి ఉంటాయి. వీధుల పేర్లు మారాయి. మౌంట్ రోడ్డు అణ్ణా సాలై అయింది, పూనమల్లి హైరోడ్డు పెరియార్ పేరుకు మారింది. 1944 నాటి నంబరుతో 2020ల్లో ఒక గేటు ముందు నిలబడితే అది ఆ ఇల్లే అన్న హామీ ఏముంది? పైగా ఆ పెద్దాయన నెల్లూరు జిల్లా నుంచి మద్రాసుకు వచ్చిందే స్వాతంత్ర్యం తర్వాత. రైల్వేలో ఆయన సర్వీసు పుస్తకం ఇంట్లో భద్రంగా ఉంది. హత్య జరిగిన నాడు ఆయన ఈ ఊళ్లోనే లేడు. ఆ పుస్తకం చూపించమని అడిగినవాడు లేడు. సాక్ష్యాలు చర్చించే సంఘంలో ఆ ఒక్క సాక్ష్యం ఎవరికీ అవసరం కాలేదు.

తర్వాత ఏమైందో వినండి. కుర్రాళ్లు గేటు దగ్గర నిలబడి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. వరండాలో కూర్చునే ముసలావిడ లోపలి గదికే పరిమితమయ్యారు. మనవరాలికి కుదిరిందనుకున్న సంబంధం వాళ్లు "మీ ఇంట్లో ఎవరో ఖూనీ కేసులో ఉన్నారట కదా" అని అడిగి, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. పరువు పోయిందని కోర్టుకెక్కే స్తోమత ఆ ఇంటికి లేదు. చనిపోయినవాళ్ల మీద వేసే అపవాదు కూడా, బతికున్న కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశంతో వేస్తే నేరమేనని చట్టం చెబుతోంది. పాత శిక్షాస్మృతిలో 499వ సెక్షను, కొత్తదాంట్లో 356. ఆ ఉద్దేశం మీకు లేదని నేను నమ్ముతున్నాను. కానీ పెళ్లివారికి ఉద్దేశంతో పనిలేదు.

కాబట్టి నా డిమాండ్లు ఇవి.

1. తెర మీద చూపిన ఇంటి విషయంలో మీరు చెప్పినది ఆధారం లేని మాట అని వచ్చే సభలో మొట్టమొదట, నిర్వాహకుల నోటితో ప్రకటించాలి. ఫొటోను మీ దగ్గర, మీరు పంచినవారి దగ్గర తీసేయించాలి. అదే ప్రకటనను కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, ఆ కుటుంబానికి ఇవ్వాలి. రేపు ఇంకో సంబంధం వచ్చి అదే ప్రశ్న అడిగితే చూపించడానికి వాళ్ల చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఈ ఒక్కటీ చేయకపోతే మిగతావి చేసినా లాభం లేదు.

2. బతికున్నవారి పేర్లు, ఇళ్లు, ఫొటోలు, ఉద్యోగాలు ఏ పాత కేసు చర్చలోనూ రాకూడదు. ముద్దాయి మనవడో సాక్షి మనవరాలో అయినా సరే, వాళ్లంతట వాళ్లు ముందుకొచ్చి మాట్లాడతామంటే తప్ప.

3. ఏ కేసైనా చివరి తీర్పుతో మొదలుపెట్టాలి. "వీళ్లు నిర్దోషులని తేలింది" అన్న వాక్యం సభ మొదట్లో రావాలి, టీకి లేచే ముందు కాదు. తీర్పును విమర్శించవద్దని నేననడం లేదు. న్యాయమూర్తులూ పొరబడతారు. ఈ కేసులోనే మొదట అప్పీలు కొట్టేసిందీ హైకోర్టే, తర్వాత విడుదల చేసిందీ హైకోర్టే. కానీ విమర్శించాలంటే తీర్పు చదవాలి. ఆ మొదటి అప్పీలు తీర్పు 1946 నాటి ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్ అనే తీర్పుల సంకలనం) మద్రాసు సంపుటంలో అచ్చయి ఉంది. ఏ పాత లా లైబ్రరీలోనైనా దొరుకుతుంది. ఇంగ్లీషు కష్టమనుకునేవారికి నేను కూర్చుని పేరా పేరా తెలుగులో చెబుతాను.

4. ఓటింగు మానాలి. దీని మీద మీకు కోపం వస్తుందని తెలుసు, చాలామంది దాని కోసమే వస్తున్నారు. 1945లో ఆ తొమ్మిది మంది ప్రమాణం చేసి, సాక్షుల ముఖాలు చూస్తూ, ఎదురు ప్రశ్నలు వింటూ కూర్చున్నారు. అయినా ఒక్క మాట మీద నిలవలేకపోయారు. వాళ్ల నిర్ణయంతో పడిన శిక్ష చివరికి నిలవలేదు. జూరీ పద్ధతిని ఈ దేశమే వదిలేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటు లేదు. సాక్షిని చూడని, తీర్పు తిరగేయని మనం రెండు గంటల్లో చేతులెత్తి ఒకరిని హంతకుడనడం దేనికింద లెక్క?

5. చెప్పే ప్రతి మాటకూ అది ఎక్కడిదో చెప్పాలి. తీర్పులో ఉందా, కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యమా, ఆనాటి పత్రికా వార్తా, ఎవరి తాతగారో అన్నదా? తాతగారి మాట చెప్పవద్దనను. తాతగారి మాట అనే చెప్పండి. పోలీసుల ముందు ఒప్పుకున్నాడట అన్న మాటకు కోర్టులో ఎందుకు విలువ లేదో కూడా ఒకసారి సభలో వివరించండి. సాక్ష్య చట్టం రాసినవాళ్లకు లాఠీ సంగతి తెలుసు.

6. కోర్టుల్లో ఇంకా నడుస్తున్న కేసుల జోలికి పోవద్దు. ఈ మధ్య ఒకటి రెండు సూచనలు వినపడ్డాయి. అక్కడ సాక్షులు బతికున్నారు, ఇంకా బోనెక్కాలి.

7. పాత వకీళ్ల ఇళ్లలో కేసు కట్టలు అటకల మీద ఉన్నాయి. వాళ్లు పోయాక పిల్లలు కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేస్తున్నారు. మీకు నిజంగా సాక్ష్యాల మీద ప్రేమ ఉంటే, సగం ఆదివారాలు ఆ ఇళ్ల తలుపులు తట్టండి. దొరికినవి ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కో, మంచి లైబ్రరీకో చేర్చే ప్రయత్నం చేయండి. పాత మద్రాసు కాగితాల్లో తెలుగులో రాసినవి ఎన్నో ఉంటాయి. వాటిని చదవగలిగినవాళ్లు ఈ ఊళ్లో తగ్గిపోతున్నారు. మీ సభలో ఇంకా ఉన్నారు.

సభలకు హాలు ఇస్తున్నవారికి కూడా ఒక మాట. తెర మీద ఏం వేస్తారో ముందుగా అడిగే హక్కు మీకుంది. అడగండి.

వచ్చే సభ తేదీ ఎలాగూ ప్రకటించారు. మొదటి డిమాండు ఆ రోజు కార్యక్రమంలో ఉందో లేదో నాలుగు రోజుల ముందు నాకు తెలియజేయండి. ఉంటే ఆ కుటుంబానికి ముందే కబురు పెట్టండి, రామంటే బలవంతపెట్టకండి. లేకపోతే, ఆ సర్వీసు పుస్తకం నకలు తీసుకుని నేనే సభకు వస్తాను. ఈసారి చివర్లో ఇచ్చే సమయం కోసం ఎదురుచూడను.

ఇట్లు,
ఒక విశ్రాంత వకీలు గుమాస్తా,
పురసవాకం, చెన్నై